మొండి బేరింగు - జంతికల గొట్టపు న్యాయము

ఇల్లాలి కంటఁ బడని యంత్రము నేఁటి యింట లేదు. కుట్టుమిషను మొదలు గ్రైండరు వఱకు, నీళ్ల మోటారు మొదలు స్కూటరు వఱకు నన్నియు నామె యెదుటనే తిరుగుచున్నవి. వానిలో నేది యెప్పుడు మూలిగినను మొదట వినునది యామె చెవియే. అయినను యంత్రము మొరాయించిన నాఁడు మాత్రము "ఇది మగవారి వ్యవహారము" అని మనము ప్రక్కకుఁ దొలఁగుట వాడుకయైపోయినది. ఈ నెల మేము చదువరుల ముందు ఒక చిన్న లోహపుఁ గడియమును గూర్చిన ముచ్చట పెట్టఁదలఁచితిమి. బొటనవ్రేలి గణుపంత యుండు నీ కడియము ఒక్కొక్కప్పుడు కారు రోడ్డెక్కుటయో, తుక్కు కొట్టుఁ జేరుటయో నిర్ణయించును. దానిని పెకలించు విద్య మన వంటయింటి విద్యకు మిక్కిలి దగ్గఱిది కావుననే యీ వ్యాసమునకు మేము పూనుకొంటిమి.

గుంటూరు, ప్రకాశము సీమలలో, ప్రత్తియు మిరపయుఁ బండు నల్లరేగడి పల్లెలలో, పాత లోగిళ్ల కొట్టములయందు ఒకానొక చిన్న కారు గోనెపట్టాల మాటున నిద్రించుచుండుట కలదు. దాని పేరు స్టాండర్డు హెరాల్డు. ఇంగ్లండున 1959వ సంవత్సరమునఁ బుట్టిన ట్రయంఫ్ హెరాల్డునకు ఇది భారతీయ రూపము. ఆకృతిని గీచిన శిల్పి ఇటలీ దేశీయుఁడగు జొవాన్నీ మికెలొట్టి. మదరాసునందలి స్టాండర్డు మోటార్ ప్రోడక్ట్స్ ఆఫ్ ఇండియా వారు 1961 నుండి దీనిని మన దేశమునఁ దయారు చేసిరి. పెట్టె మూఁత వలె ముందుభాగమంతయు నొక్కుమ్మడిగాఁ బైకి లేచుట, ఇఱుకు సందులో సయితము సులువుగా మలుపు తిరుగుట దీని గుణములు.

ఈ హెరాల్డు చట్రమునే కుదించి, ఇంగ్లండువారు 1962లో ఇద్దఱు మాత్రమే కూర్చుండు నొక పరుగుబండిని జేసి దానికి స్పిట్‌ఫైర్ అని పేరు పెట్టిరి. 1980 వఱకు నది తయారగుచు వచ్చెను. నేఁడు లోకమందెల్లెడల ముచ్చటపడి దాఁచుకొను పాత బ్రిటిషు బండ్లలో నది యొకటి. మన హెరాల్డు ఇంజను 948 ఘన సెంటీమీటర్లది. తొలి స్పిట్‌ఫైరుది 1147. పరిమాణము వేఱైనను రెండును ఒక కడుపునఁ బుట్టిన అప్పచెల్లెండ్రే. కావున స్పిట్‌ఫైరునకు వచ్చు రోగము హెరాల్డునకును వచ్చును. దాని మందే దీనికిని మందు.

స్పిట్‌ఫైర్ అను పేరు మొదట రెండవ ప్రపంచయుద్ధపు విమానమునది. ఆ పేరు తలఁచినప్పుడు ఒక స్త్రీని తలఁపక యుండరాదు. ఆ విమానము ముక్కు క్రిందికి వంచి దూకినపుడు ఇంజను తడఁబడి ఆగుచుండెడిది. ఫార్న్‌బరో విమాన పరిశోధనాలయమునఁ బని చేయుచుండిన బీయట్రిస్ షిల్లింగ్ అను ఇంజనీరు, పెట్రోలు పోవు త్రోవలోఁ జిల్లి గల యొక చిన్న యిత్తడి తునుక నమర్చి 1941లో ఆ కష్టమును చాల మట్టునకుఁ దీర్చినది. ఆమె స్వయముగా విమానాశ్రయములకుఁ బోయి వానిని బిగింపించినది. అంతకు మునుపు 1888లో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను నిల్లాలు భర్త నిర్మించిన మోటారుబండిని మన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు నడిపించుకొని పోవుచు, నడుమ పెట్రోలు గొట్టము పూడుకొనఁగాఁ దన టోపీ సూదితోనే దానిని శుభ్రము చేసికొన్నది. యంత్రము స్త్రీల బుద్ధికిఁ గొత్త కాదని చెప్పుటకీ రెండు నిదర్శనములు చాలును.

ఇఁక మన కడియము మాటకు వత్తము. ఇంజనులోపల క్రాంకుషాఫ్టను వంకర యిరుసు తిరుగుచుండును. దాని వెనుక చివర నొక చిన్న గుంట యుండును. ఆ గుంటలో బిగువుగాఁ దొడిగిన కంచుగడియమే స్పిగాట్ బుష్షు. మన మెకానిక్కులు దానిని పైలట్ బేరింగందురు. గేరుపెట్టె నుండి వచ్చు ఇరుసు ముక్కు ఈ కడియములోఁ గూర్చుండి తిరుగును. తిరుగలి నడుమ మేకు ఎట్టిదో యిది యట్టిది: మేకు నిటారుగా నున్నంతకాలము పైరాయి తిన్నగాఁ దిరుగును; మేకు వదులైనచో రాయి తూలును, పిండి చెడును. ఈ కంచు సాధారణమైన కంచు గాదు. పొడిని అదిమి కాల్చి చేసినది. దాని యొడలంతయు సన్నని రంధ్రములు. ఆ రంధ్రములలో నూనె యిమిడి యుండును. అది తన నూనెను దానే యూర్చుకొని యిరుసును దడుపుచుండును. ఏండ్లు గడచి యా నూనె యింకిపోయినప్పుడు కడియ మరుగ నారంభించును.

దాని యరుగుదల నెట్లు కనిపెట్టవలెను? క్లచ్చిని బూర్తిగాఁ దొక్కినపుడు కీచుమనియో, గరగరమనియో ధ్వని వచ్చి, క్లచ్చిని విడిచిన వెంటనే యాగును. రివర్సు గేరు పండ్లు కొఱికినట్లు పడును. కారణ మిది: క్లచ్చిని విడిచినప్పుడు ఇంజను ఇరుసును, గేరు ఇరుసును గలిసి యొక్కటిగాఁ దిరుగును, కడియమునకు రాపిడి లేదు. తొక్కినప్పుడు రెండును విడిపోయి వేఱువేఱు వేగములఁ దిరుగును. రాపిడి యంతయు నప్పుడే. క్లచ్చినొత్తు మఱియొక బేరింగు కూడ నిట్లే యరచుట కలదు. కాని యది పెడలును మెల్లగాఁ దాఁకినంతనే మొదలు పెట్టును. ఈ భేదము నెఱిఁగి చెప్పఁగల యిల్లాలిని ఏ మెకానిక్కును దప్పుదారి పట్టింపఁజాలఁడు.

హెరాల్డులోఁ బైలట్ బేరింగును జేరుటకు ముందు సీట్లను, నడుమనున్న గూటిమూఁతను దీసి, గేరుపెట్టెను కారు లోపలి నుండియే వెలికి లాగుదురు. ఆ పిదపఁ గ్లచ్చి, ఫ్లైవీలు. అంతయుఁ దీసిన పిమ్మటఁ గన్పట్టునది గుంటలోఁ గూరుకొని యున్న కంచుగడియము. చిక్కంతయు నిక్కడనే. కడియము చుట్టు నుక్కు. వెనుక వైపు మూసికొని యున్న గ్రుడ్డిగుంట. వెనుక నుండి తట్టుటకుఁ ద్రోవ లేదు. ముందు నుండి పట్టి లాగుటకు అంచు లేదు. దశాబ్దముల తరబడి వేఁడికి వేఁగి, చలికి బిగిసి, ఉక్కును గఱచుకొని యుండును. ఉలితోఁ బొడిచినచో గుంట గోడకు గాటు పడును. గాటు పడిన గుంటలోఁ గ్రొత్త కడియము తిన్నగాఁ గూర్చుండదు. కడియము వెల స్వల్పము. గుంట చెడినచో మొత్తము క్రాంకుషాఫ్టే పోయినట్లు. అట్టి పాతబండికి మఱియొక క్రాంకుషాఫ్టు దొరకుట సులభము గాదు.

చిలకలూరిపేటకు సమీపమున నొక పల్లెలో మే మెఱిఁగిన లోగిలి యొకటి కలదు. ఆ యింటి పెద్దాయన హెరాల్డును గన్నబిడ్డవలెఁ జూచుకొన్నవారు. వారు గతించిన పిదప నది చాల యేండ్లు కొట్టమున నుండిపోయినది. మనుమరాలి పెండ్లి కుదిరినప్పుడు, తాతగారి కారులోనే వధూవరులు గడప దిగవలెనని యింటిల్లిపాదియుఁ గోరిరి. మెకానిక్కు వచ్చి యన్నియు విప్పెను. కడియము మాత్రము కదలదు. గుంటలో గ్రీజు కూరి, కడ్డీ పెట్టి సుత్తితోఁ గొట్టెను. గ్రీజు ప్రక్కలనుండి చిమ్మినదే గాని ఫలము లేదు. ఇంజను దింపి, క్రాంకుషాఫ్టు నూడఁదీసి పట్టణమున లేతు పనివారికిఁ బంపవలెననియు, ముహూర్తము నాఁటికి నది తెమలదనియు నతఁడు చెప్పెను. అంత ఖర్చు పెట్టుటకంటెఁ దుక్కు బేరగానికి నిచ్చివేయుట మేలని కొడుకు తలపోయుచుండెను. అరుగు మీఁదఁ గూర్చుండి యంతయుఁ జూచుచున్న ముసలమ్మగారు అప్పుడు నోరు విప్పిరి.

"నాయనా, ఆ జిడ్డు కడ్డీ పక్కనుంచి పైకి తన్నుకొస్తున్నది కదూ?"

"అవునమ్మగారూ. బుష్షు లోపల అరిగిపోయింది. కడ్డీ వదులుగా ఉంది. ఎంత కొట్టినా గ్రీజు నా మొహానికే వస్తున్నది."

"పిండి జారైతే జంతికల గొట్టంలోనూ అంతే. పిడి పక్కనుంచి పొర్లుతుందిగాని కింద చిల్లుల్లోంచి దిగదు. ఇంకాస్త గట్టిది పెట్టి చూడరాదూ?"

మెకానిక్కు సుత్తి క్రింద పెట్టెను. తన గురువుగారు ఎప్పుడో తడిరొట్టె కూరి తీసినట్లు విన్నాననెను. కోడలు లోపలికిఁ బోయి, ఎండిన బ్రెడ్డుముక్కలు తెచ్చెను. పెద్దావిడకు నది నచ్చలేదు.

"తినే పదార్థం ఇనపముక్కలో కూరతామా అమ్మాయ్? పాత పేపరు తడిపి పట్రా."

"అట్లాగే అత్తయ్యా" అని కోడలు వార్తాపత్రికను చింపి నీళ్లలో నానఁబెట్టి, ముద్ద చేసి తెచ్చి యిచ్చెను. ఆ ముద్దను గొంచెము గొంచెముగాఁ గూరి కొట్టఁగాఁ గొట్టఁగా, మూఁడవ విడతకుఁ గడియము వెండ్రుకవాసి ముందుకు జరిగెను. ఆఱవ విడతకు నూడి మెకానిక్కు చేతిలోఁ బడెను. అతఁడు దానిని దుడిచి పెద్దావిడ యరచేతఁ బెట్టెను. ముహూర్తము నాఁటికి బండి సిద్ధమయ్యెను.

ఇందుగల రహస్య మేమి? 17వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశమునఁ బాస్కల్ అను పండితుఁ డొక నియమమును నిరూపించెను. ఆయన మరణానంతరము 1663లో నది గ్రంథరూపమున వెలువడినది. మూసిన పాత్రలోని ద్రవము నొకచోట నొత్తినచో, ఆ యొత్తిడి యన్ని దిక్కులకును సమానముగాఁ బ్రాఁకునని యా నియమము. మనము కడ్డీని లోపలికిఁ గొట్టుచున్నాము. గుంటలోని గ్రీజునకు వెనుకకుఁ బోవఁ దావు లేదు. ప్రక్కలకుఁ బోవఁ దావు లేదు. అది కడియము వెనుక యంచును బట్టి వెలికిఁ దోయును. చేయి చేరని చోటికి గ్రీజు చేరినది. లోపలికిఁ గొట్టిన దెబ్బయే వెలికిఁ ద్రోయు బలమైనది.

లెక్క చూతము. కడ్డీ అడ్డుకొలత అర అంగుళము, కడియము వెలుపలి కొలత ముప్పాతిక అంగుళము అనుకొందము. సుత్తిదెబ్బ కడ్డీ మీఁద 400 పౌనుల బలము చూపినచో, లోపలి గ్రీజులోఁ జదరపు టంగుళమునకు సుమారు 2000 పౌనుల యొత్తిడి పుట్టును. కడియపుటంచు వైశాల్యము చదరపు టంగుళములో దాదాపు పాతిక వంతు గనుక దానిపై సుమారు 500 పౌనుల బలము పడును. తడికాగితము నిజమైన ద్రవము గాదు గావున దాని బలము కొంత తగ్గును. కాని సందులలో నుండి జాఱిపోదు. కడియ మెంత యరిగినదో గ్రీజు అంత నిరుపయోగము; కాగితము అంత యుపయోగము. ముసలమ్మగారి జంతికల పిండి న్యాయము పాస్కల్ న్యాయమునకుఁ దోడైన దిక్కడనే.

చేయవలసిన విధమును గ్రమముగాఁ జెప్పెదము. ముందుగాఁ గడియపు రంధ్రమునఁ దిన్నగా దూరు ఇనుపకడ్డీ నేర్చుకొనవలెను. కొంచెము వదులైనచో దాని చుట్టు టేపు చుట్టవచ్చును. రంధ్రములో గ్రీజును గాలిబుడగ లేకుండ నిండఁ గూరవలెను. గాలి యున్నచో దెబ్బ యంతయు గాలిని నొక్కుటకే చాలిపోవును. కడ్డీని నిలిపి సుత్తితో దెబ్బ వేయవలెను. ప్రతి విడతకును గడ్డీ తీసి మఱల నింపవలెను. గ్రీజు చిమ్మఁజొచ్చినచోఁ దడికాగితమునకో, పనికిరాని యెండురొట్టెకో మాఱవలెను. కడియము వచ్చిన తరువాత గుంటలోఁ దడిముద్ద తునుకైనను మిగులరాదు. మిగిలినచోఁ దుప్పు పట్టును. కిరసనాయిలుతోఁ గడిగి, పొడిగుడ్డతోఁ దుడిచి, పలుచగా నూనె రాయవలెను.

ఇందు జాగ్రత్త లుపేక్షింపరాదు. ఇనుము నినుముతోఁ గొట్టినపుడు రవ్వలు లేచును. కంటికి అద్దములు పెట్టనిదే యెవ్వరిని సుత్తి పట్టనీయకుఁడు. పిల్లలను దూరముగా నుంచుఁడు. బండి క్రిందికి దూరవలసి వచ్చినచో జాకీ నొక్కదానినే నమ్మక గట్టి స్టాండ్లు పెట్టింపుఁడు. పెద్దదెబ్బ లొకటి రెండు గాక, చిన్నదెబ్బలు పది వేయింపుఁడు. ఏలయన హెరాల్డు, స్పిట్‌ఫైరు ఇంజనులలోఁ గ్రాంకుషాఫ్టు ముందువెనుకల కదలకుండ నాపునవి వెనుకనున్న రెండు అర్ధచంద్రపు బిళ్లలు మాత్రమే. మొరటుదెబ్బలకు వానికిఁ గష్టము. పెట్రోలు వాసన యున్నచోట మంటపెట్టి కాఁచుట యెన్నఁడును గూడదు.

ఇంత చేసినను రాకున్నచో మఱియొక యుపాయము గలదు. కడియము లోపలి గోడకు మరచుట్టు కోయించి, దానిలోనికి బోల్టును బిగింపవలెను. బోల్టు కొన గుంట యడుగునకుఁ దగిలిన పిదప, త్రిప్పినకొలఁది బోల్టు ముందుకుఁ బోలేక కడియమునే వెనుకకు లాగును. నిదానమైన పని యైనను గుంటకు హాని లేదు. ఇంజను దింపుట చిట్టచివరి మార్గము.

క్రొత్త కడియమును దొడుగుటకు మునుపు దానిని ఒక రాత్రియుఁ బగలును ఇంజనునూనెలో నానవేయవలెను. త్వరగాఁ గావలసినచోఁ గడియము నొక వైపు బొటనవ్రేలితో మూసి, నూనె నింపి, రెండవ వైపును వ్రేలితోఁ గట్టిగా నొత్తవలెను. కొంత తడవునకు వెలుపలి గోడపై నూనె చెమటబిందువులవలెఁ బొడకట్టును. అప్పుడు రంధ్రములు నిండినవని యర్థము. ఆ పిదపఁ గొన్ని గంటలు రిఫ్రిజిరేటరు మంచుగదిలో, ఆహారమునకుఁ దగులకుండ మూఁతడబ్బాలో నుంచినచోఁ గడియము రవంత కుంచించుకొని సులువుగా దూరును. వంకర పోకుండఁ, గఱ్ఱముక్క నడ్డము పెట్టి మెల్లగాఁ దట్టవలెను. దీనికి గ్రీజు పూయరాదు. పూసినచో సన్నని రంధ్రములు పూడి, కడియము తన నూనెను దా నూర్చుకొను శక్తిని గోల్పోవును.

ఈ విద్య హెరాల్డునకు మాత్రమే గాదు. ప్రత్తిచేలు దున్ను ట్రాక్టరులలోఁ బెక్కింటికి నీ చోటనే చిన్న గుండ్ల బేరింగుండును. దానిని సయితము ఈ రీతిగనే తీయవచ్చును. గుండ్ల సందులు తెఱచియున్నచో గ్రీజు కంటెఁ గాగితమే మేలు. అయితే యీ యుపాయము వెనుక మూసియున్న గుంటలకే చెల్లును. కారపు మరలలోను, జిన్నింగు మిల్లులలోను బేరింగు ఇరుసు మీఁద నెక్కియుండును. అక్కడ పుల్లరను లాగుడు పనిముట్టే శరణ్యము.

కావున సోదరీమణులారా! మీ యింటఁ గారుగాని ట్రాక్టరుగాని విప్పిననాఁడు, ఇంజను దింపవలెనని చెప్పినచో వెంటనే తల యూఁపకుఁడు. "గ్రీజుతోఁ బ్రయత్నించితిరా? చిమ్మినచోఁ దడికాగితము పెట్టితిరా? మరచుట్టు కోసి చూచితిరా?" అని మూఁడు ప్రశ్న లడుగుఁడు. మూఁడింటికిని జవాబు విన్న పిదపనే ఖర్చు మాట. ఊరఁగాయల కొలతలు వ్రాసికొను పుస్తకములోనే యొక పుటను యంత్రములకుఁ గేటాయించి, ఏ భాగ మెన్నఁడు మార్చినదియు, దాని కొలత యెంతయు వ్రాసియుంచుఁడు. ఊడిన పాత కడియమును బాఱవేయక యా పుటకుఁ గట్టి యుంచుఁడు. క్రొత్తది కొన నంగడికిఁ బోవునపుడు అదియే మీకు సరియైన కొలబద్ద యగును.